బిజినెస్ స్కూల్లో పీహెచ్‌డీ: ‘అందువల్లే’ అనడానికి పట్టే ఐదేళ్లు

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో తరచూ ఒక చిన్న వార్త కనిపిస్తుంది. ఫలానా కళాశాల మేనేజ్‌మెంట్ విభాగం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు విశ్వవిద్యాలయం డాక్టరేట్ ప్రకటించిందని, ఫలానా ప్రొఫెసర్ పర్యవేక్షణలో ఫలానా అంశంపై ఆయన పరిశోధన చేశారని, ప్రిన్సిపాల్, సహాధ్యాపకులు అభినందించారని అందులో ఉంటుంది. పక్కన ఒక పాస్‌పోర్టు ఫొటో. ఆ పరిశోధనలో ఏం తేలిందో మాత్రం దాదాపు ఎన్నడూ ఉండదు. అది విలేకరి లోపం కాదు. అంశం ఏమిటి, గైడు ఎవరు, ఎన్నేళ్లు పట్టింది అని అడగడమే తప్ప, ఏం తేల్చారు, అది నిజమని ఎలా తెలిసింది అని అడిగే అలవాటు మన దగ్గర చాలా చోట్ల పాతుకోలేదు. బిజినెస్ స్కూళ్లలో పరిశోధక శిక్షణ ఎలా సాగుతుందో అర్థం చేసుకోవాలంటే ఈ రెండు ప్రశ్నల దగ్గరే మొదలుపెట్టాలి. ఆ శిక్షణ అంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

ఎంబీఏ మెట్టు ఎక్కినవారు ఎక్కే తరువాతి మెట్టు పీహెచ్‌డీ అన్న అభిప్రాయం బాగా వ్యాపించి ఉంది. అది సగానికి పైగా తప్పు. అమెరికాలోని పెద్ద బిజినెస్ స్కూళ్లలో పీహెచ్‌డీలో చేరడానికి ఎంబీఏ అక్కరలేదు. గణితం, ఇంజినీరింగ్, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివి నేరుగా చేరేవారు అక్కడ మామూలే. మన ఐఐఎంలు కూడా నాలుగేళ్ల బీటెక్‌ను మంచి మార్కులతో ముగించినవారిని, పీజీ లేకపోయినా, దరఖాస్తు చేసుకోనిస్తాయి. ఎంబీఏకూ పీహెచ్‌డీకీ ఒకే భవనం, కొంతవరకు ఒకే అధ్యాపకులు, మొదటి ఏడాది కొన్ని ఐఐఎంలలో ఒకే తరగతి గది కూడా ఉంటాయి కాని, అవి నేర్పే విద్యలు వేరు.

ఆ మొదటి ఏడాది తరగతి గదిలోనే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక దుకాణాల గొలుసు ధరలు తగ్గించిందని, ఆ తరువాత అమ్మకాలు పెరిగాయని చెప్పే కేసును చర్చకు పెట్టారనుకుందాం. మేనేజరు స్థానంలో మీరుంటే ఏం చేస్తారన్నది ఎంబీఏ విద్యార్థి ముందున్న ప్రశ్న. చేతిలో ఉన్న అరకొర సమాచారంతో, గంటన్నరలో ఒక నిర్ణయం తీసుకుని, దానికి నిలబడటం అతను నేర్వవలసిన విద్య. పక్క బెంచీలో కూర్చున్న పరిశోధక విద్యార్థి అదే కేసు చదివి, ధర తగ్గించినందువల్లే అమ్మకాలు పెరిగాయని ఎలా చెప్పగలం అని ఆగిపోవాలి. ఆ నెలలోనే దసరా వచ్చి ఉండవచ్చు. పోటీ దుకాణం మూతపడి ఉండవచ్చు. అసలు అమ్మకాలు పెరగబోతున్నాయని తెలిసిన మేనేజరే ధర తగ్గించి ఉండవచ్చు. ఎంబీఏ గదిలో ఇన్ని అనుమానాలు లేవనెత్తేవాడు చర్చకు అడ్డం, సెమినార్ గదిలో ఆ అనుమానాలు రానివాడు పనికిరాడు. ‘ఆ తరువాత’ అన్న మాటకూ ‘అందువల్లే’ అన్న మాటకూ మధ్యనున్న దూరాన్ని దాటడం నేర్పే చదువే బిజినెస్ స్కూల్ పీహెచ్‌డీ.

ఈ చదువు మొదటినుంచీ ఇలా లేదు. షికాగో విశ్వవిద్యాలయం 1920లో వ్యాపార విద్యలో పీహెచ్‌డీని ప్రారంభించింది, హార్వర్డ్ 1922లో తన డాక్టోరల్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అయినా ఆ తరువాత మూడు నాలుగు దశాబ్దాల పాటు అమెరికాలో బిజినెస్ స్కూళ్లకు పండిత లోకంలో పెద్ద గౌరవం లేదు. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ విడివిడిగా వెలువరింపజేసిన రెండు నివేదికలు ఆ పరిస్థితిని మొహమాటం లేకుండా బయటపెట్టాయి. పాఠాల్లో లోతు లేదని, పరిశోధన నామమాత్రంగా ఉందని, బోధించేవారికి మూలశాస్త్రాల్లో గట్టి పునాది కావాలని అవి తేల్చాయి. ఫోర్డ్ డబ్బు కూడా తోడు కావడంతో ఆర్థికవేత్తలు, గణాంకవేత్తలు, మనస్తత్వవేత్తలు బిజినెస్ స్కూళ్లలోకి వచ్చి చేరారు. కార్నెగీ టెక్‌లో (నేటి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం) హెర్బర్ట్ సైమన్ వంటివారు అప్పటికే ఆ దారి వేసి ఉన్నారు. ఆయనకు 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. షికాగోలో 1960లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలోని షేర్ల ధరలను 1926 నుంచి ఒక్కచోట పోగుచేసే కేంద్రం ఏర్పడింది. పెద్ద ప్రశ్నలకన్నా ముందు శుభ్రమైన డేటా కావాలన్న సంగతిని ముందుగా గుర్తించిన చోట్లలో అది ఒకటి. అక్కడే 1964లో డాక్టరేట్ పూర్తిచేసిన యూజీన్ ఫామాకు షేరు ధరల మీద చేసిన పరిశోధనకు 2013లో నోబెల్ దక్కింది.

మన దేశంలో ఐఐఎంలు ఈ మలుపు తరువాత పుట్టాయి. కలకత్తా, అహ్మదాబాద్ సంస్థలు రెండూ 1961లో, ఒకటి ఎంఐటీ తోడ్పాటుతో, మరొకటి హార్వర్డ్ తోడ్పాటుతో ఏర్పడ్డాయి. అధ్యాపకులను ఎల్లకాలం విదేశాల్లో తయారు చేయించుకోలేమని గ్రహించి, అహ్మదాబాద్ 1971లో సొంతంగా ఫెలో ప్రోగ్రామ్ ప్రారంభించింది. అప్పటి డైరెక్టర్ రవి మత్తాయ్‌కి డాక్టరేట్ లేదన్నది ఇక్కడ చెప్పుకోదగిన సంగతి. చక్కని పరిశోధక శిక్షణకు పునాది వేయడానికి ఆయనకు అది అడ్డు కాలేదు. ఐఐఎంలు చట్టరీత్యా విశ్వవిద్యాలయాలు కావు కాబట్టి డిగ్రీ ఇచ్చే అధికారం వాటికి అప్పట్లో ఉండేది కాదు. అందుకే నాలుగైదేళ్లు కష్టపడి పరిశోధన పూర్తిచేసినవారికి దాదాపు ఐదు దశాబ్దాల పాటు ‘ఫెలో’ అన్న బిరుదు తప్ప పీహెచ్‌డీ అన్న మూడక్షరాలు దక్కలేదు. ఉద్యోగ దరఖాస్తుల్లో ‘ఇది పీహెచ్‌డీకి సమానం’ అని వారు వివరించుకోవలసి వచ్చేది. 2017 నాటి ఐఐఎం చట్టం 2018 జనవరి 31న అమల్లోకి వచ్చాకే ఆ సంస్థలు డిగ్రీలు ఇవ్వగలుగుతున్నాయి. హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఇప్పటికీ తన డాక్టోరల్ స్థాయి కార్యక్రమాన్ని ఫెలో ప్రోగ్రామ్ అనే పిలుస్తుంది.

పేరు సంగతి అలా ఉంచితే, చదువు నడిచే తీరు ఇక్కడా అమెరికాలోనూ ఇంచుమించు ఒకటే. మొదటి రెండేళ్లు కోర్సులు. ఫైనాన్స్ విద్యార్థి అయినా, మార్కెటింగ్ విద్యార్థి అయినా గణాంకశాస్త్రం, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో విశ్లేషించే విద్య), పరిశోధనా పద్ధతులు తప్పించుకోలేరు. ఆ పైన ఎవరి విభాగానికి తగ్గ మూలశాస్త్రం వారిది. ఫైనాన్స్, అకౌంటింగ్ చేసేవారికి మైక్రో ఎకనామిక్స్, సంస్థాగత ప్రవర్తన చేసేవారికి మనస్తత్వశాస్త్రం, ప్రయోగాల రూపకల్పన, ఆపరేషన్స్ చేసేవారికి ఆప్టిమైజేషన్, సంభావ్యతా సిద్ధాంతం. బయటివారికి మేనేజ్‌మెంట్ ఒకే సబ్జెక్టులా కనిపిస్తుంది కాని, లోపలికి వెళ్తే పక్కపక్క గదుల్లోని ఇద్దరు స్కాలర్లు ఒకరి వ్యాసాన్ని మరొకరు చదవలేనంత దూరంలో ఉంటారు.

అయితే పరిశోధకుడిని తయారుచేసేది ఈ కోర్సులకన్నా సెమినార్లే. ఒక బల్ల చుట్టూ ఐదారుగురు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. వారానికి మూడో నాలుగో వ్యాసాలు ముందే చదివి రావాలి. ఒకరు వ్యాసకర్త తరఫున వాదిస్తే, మరొకరు దాన్ని ఎదిరించాలి. జర్నల్‌కు సమీక్షకుడు రాసినట్టే రెండు మూడు పేజీల సమీక్ష రాయమని ఇంటిపని ఇస్తారు. మొదటి ఏడాదిలో అందరూ వ్యాసాలను చీల్చి చెండాడటం ఉత్సాహంగా నేర్చుకుంటారు. శాంపుల్ చిన్నదనీ, కొలత సరిగా లేదనీ, కారణకార్యాలు తారుమారయ్యాయనీ తప్పులు వెతకడం సులభం. ఇన్ని లోపాలున్నా ఈ వ్యాసాన్ని పెద్ద జర్నల్ ఎందుకు వేసుకుంది, ఇందులో కొత్తగా తెలిసినదేమిటి అని ప్రొఫెసర్ అడిగినప్పుడు గదిలో నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడానికి మరో ఏడాది పడుతుంది. ఇది పుస్తకంలో దొరికే విద్య కాదు, వారం వారం ఒకరి ముందు కూర్చుని మాట పడి నేర్చుకునేది. ఇంటి దగ్గర ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాల్లో గైడును కలిసే పద్ధతిలో లేనిది ఇదే.

రెండేళ్ల చివర సమగ్ర పరీక్ష ఉంటుంది. కొన్నిచోట్ల రాతపరీక్ష, కొన్నిచోట్ల దానికి మౌఖికం కూడా. తప్పినవారికి సాధారణంగా మరో అవకాశం ఇస్తారు, రెండోసారీ తప్పితే ఇంటికి పంపుతారు. నిష్ఠురంగా అనిపించినా, ఏడో ఏట తెలుసుకోవడం కన్నా రెండో ఏట తెలుసుకోవడం విద్యార్థికే మేలు. ఈ పరీక్ష దాటాకే తనకంటూ ఒక ప్రశ్న వెతుక్కోవడం మొదలవుతుంది. ఐదేళ్లలో అతి కష్టమైన దశ ఇదే, కొందరు ఏడాదికి పైగా ఇక్కడే చిక్కుకుపోతారు. కోర్సులకు సిలబస్ ఉంటుంది, పరీక్షకు తేదీ ఉంటుంది. ప్రశ్నకు రెండూ ఉండవు.

మంచి ప్రశ్న ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. కంపెనీలు సమాజ సేవకు డబ్బు ఖర్చుపెడితే వాటాదారులకు లాభమా, నష్టమా? ఇది పాత ప్రశ్న. దీనిమీద దశాబ్దాలుగా వచ్చిన వ్యాసాల్లో చాలావాటికి ఒకటే చిక్కు ఉండేది: బాగా లాభాలు వచ్చే కంపెనీలే సేవకు ఎక్కువ ఖర్చు పెట్టగలవు. కాబట్టి సేవ వల్ల లాభం వచ్చిందో, లాభం వల్ల సేవ వచ్చిందో తేల్చడం కుదరదు. 2013 నాటి మన కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ఈ చిక్కుకు అనుకోకుండా ఒక తాళంచెవి ఇచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా కంపెనీ తన గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని ఆ సెక్షన్ చెబుతుంది. మిగతా రెండు గీతలకూ దిగువన ఉండి, 5 కోట్ల 10 లక్షల లాభం వచ్చిన కంపెనీకీ, 4 కోట్ల 90 లక్షలు వచ్చిన కంపెనీకీ స్వభావంలో పెద్ద తేడా ఉండదు. చట్టం మాత్రం ఒకదాన్ని ఖర్చు పెట్టమంటుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. గీతకు అటూ ఇటూ ఉన్న కంపెనీల షేరు ధరలను చట్టం రూపుదిద్దుకున్న కీలక తేదీల్లో పోల్చితే, తేడాకు కారణం చట్టమే అనడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. సరిగ్గా ఇలాంటి వాదనతో రాసిన వ్యాసం 2017లో జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ రీసెర్చ్‌లో వచ్చింది; అందులో ఒక రచయిత హైదరాబాద్ ఐఎస్‌బీ అధ్యాపకుడు. తప్పనిసరి ఖర్చు కిందికి వచ్చిన కంపెనీల షేరు ధర సగటున సుమారు 4 శాతం తగ్గిందని, ప్రకటనల మీద ఎక్కువ ఖర్చు పెట్టే కంపెనీలకు మాత్రం ఆ నష్టం కనిపించలేదని అందులో తేలింది.

ఇంత చక్కని ఏర్పాటు దొరికినా సెమినార్ గది ఊరుకోదు. గీత 5 కోట్ల దగ్గర ఉందని తెలిసిన కంపెనీ తన లాభాన్ని లెక్కల్లో కాస్త తగ్గించి 4 కోట్ల 95 లక్షలుగా చూపించదా? అలా చూపిస్తే గీతకు దిగువన కంపెనీలు అసహజంగా గుంపుకడతాయి, అప్పుడు రెండు గుంపులూ ఒకే రకమైనవన్న వాదన కూలిపోతుంది. కాబట్టి ఏ లాభం దగ్గర ఎన్ని కంపెనీలున్నాయో గీసి చూసి, 5 కోట్లకు కాస్త దిగువన ఎక్కడా ఎత్తు లేవలేదని చూపించాలి. 3 కోట్ల దగ్గరో, 7 కోట్ల దగ్గరో లేని గీతను ఊహించి అదే లెక్క చేసినప్పుడు ఏ తేడా రాకూడదు. ఈ రకంగా తన జవాబును తానే పడగొట్టడానికి ప్రయత్నించి, పడలేదని చూపించడమే థీసిస్‌లోని సగం పేజీలను ఆక్రమిస్తుంది. కొత్తగా చదివేవారికి ఆ పేజీలు విసుగు పుట్టిస్తాయి, చేయి తిరిగినవారు నేరుగా ఆ పేజీలే తెరుస్తారు.

ప్రశ్న దొరికాక డేటా పని మొదలవుతుంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. భారతీయ కంపెనీల మీద పనిచేసేవారిలో అత్యధికులు సీఎంఐఈ సంస్థ వారి ప్రోవెస్ డేటాబేస్ వాడతారు. వేల కంపెనీల వార్షిక లెక్కలు అందులో వరుసల్లో, నిలువు గళ్లలో పొందికగా కనిపిస్తాయి. ఆ పొందిక కింద ఎన్ని గుంటలున్నాయో తెలియడానికి సత్యం కంప్యూటర్స్ ఒక్క ఉదాహరణ చాలు. 2009 జనవరి 7న ఆ సంస్థ చైర్మన్ రాసిన లేఖతో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని బయటపడింది. ఆ ఒక్క రోజే షేరు ధర మూడొంతులకు పైగా పడిపోయింది. ఆ తరువాత కంపెనీ మహీంద్రా సత్యంగా మారి, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. ఈనాడు లిస్టయి ఉన్న కంపెనీల జాబితా తీసుకుని వెనక్కి లెక్కలు కట్టే విద్యార్థి శాంపుల్లో సత్యం ఉండనే ఉండదు. బతికి బట్టకట్టినవాటినే లెక్కించి, మన ఐటీ కంపెనీలు ఎంత చక్కగా నడిచాయో అని అతను తేల్చేస్తాడు. జాగ్రత్తపడి సత్యాన్ని చేర్చుకున్నవారికి ఇంకో చిక్కు: ఆనాడు ప్రకటించిన అంకెలు వాడాలా? అవి అబద్ధమని ఇప్పుడు తెలుసు. వాడకూడదా? ఆనాటి మదుపరులు నమ్మి కొన్నది ఆ అంకెలనే కదా. మదుపరుల ప్రవర్తన గురించి రాస్తుంటే అబద్ధపు అంకెలే సరైన అంకెలు, కంపెనీ నిజమైన సామర్థ్యం గురించి రాస్తుంటే అవి విషం. ఏది వాడాలో డేటాబేస్ చెప్పదు.

ఇంతకన్నా చిన్న గుంటలు మరీ ఎక్కువ. 2013 చట్టం అందరికీ మార్చి 31తో ముగిసే ఆర్థిక సంవత్సరాన్ని నిర్దేశించక ముందు కంపెనీలు తమకు నచ్చిన నెలలో లెక్కలు ముగించేవి. మధ్యలో నెల మార్చుకున్నప్పుడు 15 నెలలకో 18 నెలలకో ఒకే లెక్క వచ్చేది. అది గమనించకపోతే ఆ ఏడాది అమ్మకాలు ఒక్కసారిగా పావు వంతో సగమో పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పెరుగుదలకు కారణం వెతుకుతూ విద్యార్థి ఒక సిద్ధాంతమే అల్లేయగలడు. ఇలాంటివి పట్టుకోవడానికి కంప్యూటర్ ప్రోగ్రాం సరిపోదు. పది పన్నెండు కంపెనీల వార్షిక నివేదికలు తెచ్చుకుని, డేటాబేస్‌లో ఉన్న అంకెను నివేదికలోని అంకెతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. శిక్షణలో అతి విలువైన ఈ పనికి క్రెడిట్లు ఉండవు.

డేటాలో తప్పు జరగడం వేరు, డేటానే కల్పించడం వేరు. 2012లో ప్రతిష్ఠాత్మకమైన ఒక విజ్ఞాన పత్రికలో వచ్చి, బిజినెస్ స్కూల్ పాఠాల్లోనూ విరివిగా చోటు సంపాదించుకున్న వ్యాసమొకటి, ఫారం చివర కాకుండా మొదట్లోనే సంతకం పెట్టిస్తే జనం నిజం చెబుతారని వాదించింది. అందులోని బీమా డేటా కల్పితమని 2021లో ముగ్గురు పరిశోధకులు తమ బ్లాగులో చూపించాక ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు. నిజాయితీ గురించిన వ్యాసానికే ఆ గతి పట్టింది. ఆ దశాబ్దంలో ఇటువంటివి మరికొన్ని బయటపడ్డాక, డేటాను, కోడ్‌ను కూడా అప్పగిస్తేనే వ్యాసం వేస్తామనే జర్నళ్లు పెరిగాయి. మేనేజ్‌మెంట్ సైన్స్ పత్రిక 2019 నుంచి అలాంటి విధానం పాటిస్తోంది. ఫలితంగా ఇప్పటి పరిశోధక విద్యార్థి మొదటి రోజునుంచీ ప్రతి అంకె ఎక్కడ నుంచి వచ్చిందో మరొకరు తిరిగి చేసి చూసుకునేలా రాసిపెట్టుకోవడం నేర్చుకోవలసి వస్తోంది.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల మేనేజ్‌మెంట్, కామర్స్ విభాగాల్లో దారి మరోలా ఉంటుంది. ఇక్కడ కేంద్ర బిందువు సెమినార్ కాదు, గైడు. యూజీసీ 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, కాలపరిమితి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు పొడిగించుకోవచ్చు, మహిళలకు ఆ పైన ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ దగ్గర ఆరుగురికి, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి స్కాలర్లు ఉండకూడదు. ప్రతి సెమిస్టర్‌లో సలహా కమిటీ ముందు ప్రగతి చెప్పుకోవాలి. కాగితం మీద ఇది బాగానే ఉంది. కాని 12 క్రెడిట్లంటే రెండేళ్ల కోర్సులు, సెమినార్లు ఇచ్చే తర్ఫీదులో చిన్న భాగం. పరిశోధనా పద్ధతులు ఒక పేపరు, పరిశోధనా నైతికత ఒక పేపరు, తన అంశానికి సంబంధించి మరొకటి రాసేసరికి ప్రీ-పీహెచ్‌డీ అయిపోతుంది. ఎకనామెట్రిక్స్ అన్న మాట వినకుండానే ఫైనాన్స్‌లో డాక్టరేట్ పొందడం దీనివల్ల సాధ్యమవుతోంది.

ఆ లోటు థీసిస్ శీర్షికలోనే కనిపిస్తుంది. ‘ఫలానా రంగంలో ఉద్యోగుల సంతృప్తి: ఫలానా జిల్లాకు ప్రత్యేక సూచనతో ఒక అధ్యయనం’ అన్న నమూనా లైబ్రరీ అరల్లో బారులు తీరి ఉంటుంది. లోపల ఐదు అధ్యాయాలు: పరిచయం, పూర్వ పరిశోధనల సమీక్ష, పద్ధతి, విశ్లేషణ, సూచనలు. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘పూర్తిగా విభేదిస్తాను’ వరకు ఐదు గళ్లున్న ప్రశ్నావళిని మూడు నాలుగు వందల మందితో నింపించి, వయసుకూ సంతృప్తికీ సంబంధం ఉందా, జీతానికీ సంతృప్తికీ సంబంధం ఉందా అని వరసగా చై-స్క్వేర్ పరీక్షలు చేసి, చివర యాజమాన్యం ఉద్యోగులను ప్రోత్సహించాలని సూచిస్తారు. ప్రశ్నావళి చెడ్డ సాధనం కాదు, జిల్లా చిన్న విషయమూ కాదు. గుంటూరు మిర్చి యార్డు మీదో, సిరిసిల్ల మగ్గాల మీదో ప్రపంచం చదవదగిన పరిశోధన రావచ్చు. లోపం ఎక్కడంటే, ఆ మూడు వందల మందిని ఎందుకు ఎంచుకున్నారు, సంతృప్తి వల్ల జీతమా, జీతం వల్ల సంతృప్తా, ఇంతకుముందు తెలియనిది ఇందులో ఏం తెలిసింది అని ఐదేళ్లలో ఒక్కరైనా గట్టిగా అడగకపోవడంలో. అలా అడగగలిగే సెమినార్ గది స్కాలర్‌కు లేకపోవడాన్ని అతని బద్ధకం కింద జమకట్టడం అన్యాయం. పగలు ఇంజినీరింగ్ కాలేజీ ఎంబీఏ విభాగంలో వారానికి పదహారు గంటలు పాఠాలు చెప్పి, రాత్రి థీసిస్ రాసుకునే మనిషికి ఆ గది ఎక్కడ దొరుకుతుంది?

దీనికి తోడు నిబంధనలు మారిన తీరు కూడా కొంత హాని చేసింది. థీసిస్ సమర్పించే ముందు ఒక వ్యాసం ప్రచురించి తీరాలని 2009, 2016 నిబంధనలు చెప్పడంతో, రెండు వేలో మూడు వేలో పుచ్చుకుని వారంలో వ్యాసం వేసిపెట్టే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిని అరికట్టడానికి యూజీసీ నమ్మదగిన పత్రికలతో ‘కేర్’ జాబితా తెచ్చింది. 2022లో ప్రచురణ నిబంధననే తప్పనిసరి కాకుండా చేసింది, 2025లో కేర్ జాబితానూ ఎత్తివేసి మంచిచెడ్డలు సంస్థలే చూసుకోవాలంది. జాబితాలు పెట్టడం, తీసేయడం తేలిక. ఒక వ్యాసాన్ని చదివి ఇది మంచిదా కాదా అని సొంతంగా చెప్పగలిగేవారిని తయారుచేయడమే కష్టం, ఆ పని జరిగే చోట జాబితా అవసరం అంతంతమాత్రమే.

జాబితాల బెడద పెద్ద సంస్థలకూ తప్పలేదు, రూపం మాత్రం వేరు. బిజినెస్ స్కూళ్ల ర్యాంకింగులకు ఫైనాన్షియల్ టైమ్స్ వాడే 50 జర్నళ్లు, డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వాడే 24 జర్నళ్లు, ఆస్ట్రేలియా డీన్ల మండలి ఇచ్చే ఏ-స్టార్, ఏ, బీ, సీ గ్రేడ్లు, ఇవే నియామకాలకూ పదోన్నతులకూ కొలబద్దలు. ఆ జర్నళ్లలో ఒక వ్యాసం అచ్చుకావడానికి, సమీక్షకుల అభ్యంతరాలకు రెండు మూడు విడతల్లో జవాబు చెప్పుకుంటూ, మూడు నాలుగేళ్లు పట్టడం మామూలే. అందుకే పీహెచ్‌డీ పూర్తయ్యేనాటికి చాలామందికి అచ్చయిన వ్యాసం ఉండదు, బాగా చెక్కిన ఒక అముద్రిత వ్యాసం ఉంటుంది. అచ్చయిన వ్యాసాల సంఖ్య చూసే మన ఎంపిక కమిటీల కంటికి ఆ అభ్యర్థి ఖాళీ చేతులతో వచ్చినట్టు కనిపిస్తాడు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి, తెలుగు ఇళ్లలో ఈ చదువు ప్రస్తావన రాగానే వచ్చే మొదటి అభ్యంతరం అదే. పేరున్న సంస్థల్లో పూర్తికాల పీహెచ్‌డీకి ఫీజు ఉండదు, పైగా ఉపకార వేతనం ఇస్తారు. విశ్వవిద్యాలయాల్లో యూజీసీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అయినా అదే గదిలో ఎంబీఏ చదివిన తోటివారు రెండేళ్లకే కార్పొరేట్ జీతంతో వెళ్లిపోతుంటే, మరో మూడేళ్లు హాస్టల్ గదిలో ఉండిపోవడం చిన్న త్యాగం కాదు. అమెరికాకు ఎంఎస్‌కు లక్షలు అప్పు చేసి వెళ్లే మన పిల్లల్లో గణితం గట్టిగా వచ్చినవారు, ఫీజు లేని బిజినెస్ పీహెచ్‌డీ అనేది ఒకటుందని తెలియకుండానే విమానం ఎక్కుతున్నారు. అక్కడ ఒక్కో విభాగం ఏడాదికి చేర్చుకునేది ఇద్దరు ముగ్గురినే కాబట్టి పోటీ తీవ్రంగా ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, ఐఐఎం కలకత్తా మీదుగా ఎంఐటీలో డాక్టరేట్ చేసి హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసరైన కృష్ణ పాలేపు వెళ్లిన దారి అదే.

చదువు ముగిసే చోట కూడా రెండు దారులూ వేరువేరుగా కనిపిస్తాయి. విశ్వవిద్యాలయంలో సినాప్సిస్, సబ్మిషన్, బయటి పరీక్షకుల నివేదికలు, ఆ తరువాత ఓపెన్ వైవా. ఆ రోజు శాలువా, పూలగుచ్ఛం, గైడుతో గ్రూపు ఫొటో, మర్నాడు జిల్లా పేజీలో వార్త. పరిశోధనకు ప్రాధాన్యమిచ్చే బిజినెస్ స్కూళ్లలో అసలు పరీక్ష వైవా కన్నా ముందే, ఉద్యోగం కోసం మరో సంస్థకు వెళ్లి ఇచ్చే గంటన్నర ప్రసంగంలో జరుగుతుంది. ఫైనాన్స్ వారికి జనవరిలో, మేనేజ్‌మెంట్ వారికి ఆగస్టులో జరిగే వార్షిక సమావేశాల చుట్టూ ఈ సంత నడుస్తుంది. ఎంపికైన కొద్దిమందిని క్యాంపస్‌కు పిలిచి రోజంతా కూర్చోబెట్టుకుంటారు, అరగంట చొప్పున ఒక్కో అధ్యాపకుడు మాట్లాడతాడు. ప్రసంగం మొదలై రెండో స్లయిడ్ పడీ పడకముందే వెనక వరుసలోంచి ఎవరో చెయ్యెత్తుతారు. అంశం ఏమిటని గాని, గైడు ఎవరని గాని వారు అడగరు. ‘ఏం తేలింది? అది కాక వేరే కారణం కాదని ఎలా తెలుసు?’ అని అడుగుతారు.